విండోస్ అప్‌డేట్ అవ్వట్లేదా? ముందు గడియారంలో సంవత్సరం చూడండి

నా దగ్గరికి కంప్యూటర్ తెచ్చేవాళ్లలో చాలామంది ఒకే మాటతో మొదలుపెడతారు. "అన్నీ చేసి చూశామండి, అప్‌డేట్ అవ్వట్లేదు." ఆ అన్నీ ఏమిటని అడిగితే, యూట్యూబ్‌లో చూసి ఏవో ఫోల్డర్లు తీసేశామంటారు, నల్ల తెరలో కమాండ్లు కొట్టామంటారు. ఒకాయనైతే ఏకంగా రిజిస్ట్రీలోకి దిగి వచ్చారు. రీస్టార్ట్ చేశారా అని అడిగితే మాత్రం, "రోజూ రాత్రి ఆపేస్తాం కదండీ" అంటారు.

ఆపేయడం వేరు, రీస్టార్ట్ వేరు. అమలాపురంలో ఈ పని మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఇది చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుడుతోంది. విండోస్ 10, 11లలో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంటుంది. అది ఆన్‌లో ఉన్నప్పుడు షట్‌డౌన్ కొడితే విండోస్ పూర్తిగా పడుకోదు. లోపలి ముఖ్యమైన భాగాన్ని డిస్కులో భద్రపరచుకుని, మర్నాడు దాన్నే లేపి కూర్చోబెడుతుంది. అందుకే తెర త్వరగా వస్తుంది. రీస్టార్ట్ కొడితేనే అంతా మొదటి నుంచి లోడవుతుంది. నెల రోజులుగా "రీస్టార్ట్ కోసం వేచి ఉంది" అని అడుగుతున్న అప్‌డేట్‌కి మీరు నెల రోజులూ షట్‌డౌన్ ఇస్తూ కూర్చుంటే అది ఎక్కడికి పోతుంది? స్టార్ట్ నొక్కి, పవర్ గుర్తు దగ్గర రీస్టార్ట్ ఎంచుకోండి. రెండుసార్లు చేయండి. నా దగ్గరికి వచ్చే కేసుల్లో కొన్ని గుమ్మంలోనే, పైసా ఖర్చు లేకుండా ఇలా తేలిపోతాయి.

ఆ తర్వాత మీది ఏ విండోసో చూసుకోండి. విండోస్ 7కి సపోర్ట్ 2020 జనవరి 14నే ముగిసింది. విండోస్ 8.1కి 2023 జనవరి 10న, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ 10 వాళ్లు అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో విడిగా చేరాలి, అది 2026 అక్టోబర్ 13 వరకు ఉంటుందని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అందులో చేరకుండా "ఆరు నెలలుగా అప్‌డేట్ రావట్లేదు" అంటే అది రిపేరు కాదు, కంపెనీ ఇవ్వడం మానేసింది, అంతే. విండోస్ 11కి మారదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు కావాలి. ప్రాసెసర్ కూడా వాళ్ల జాబితాలో ఉండాలి. ఇంటెల్ అయితే సుమారుగా ఎనిమిదో తరం నుంచి ఒప్పుకుంటుంది. పదేళ్ల నాటి డెస్క్‌టాప్‌కి ఏదో దొంగదారిలో విండోస్ 11 వేయించుకుని, తర్వాత అప్‌డేట్ ఆగిందని నా దగ్గరికి రావద్దు.

సగంలో ఆగి "ఖాళీ లేదు" అంటోంది, లేదా 80070070 అంకెల కోడ్ వస్తోంది

సీ డ్రైవ్ నిండిపోయింది. ఇందులో వేరే రహస్యమేమీ లేదు. డీ డ్రైవ్‌లో 400 జీబీ ఖాళీ ఉందని చూపిస్తారు, దాంతో పని లేదు. పెళ్లి వీడియో, ఓణీల ఫంక్షన్ వీడియో అన్నీ డెస్క్‌టాప్ మీద పడేసి ఉంటాయి. డెస్క్‌టాప్ అంటే సీ డ్రైవే అన్న సంగతి చాలామందికి తెలియదు. వాటిని డీకి మార్చండి, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఖాళీ చేయండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ దగ్గరికి వెళ్లి పనికిరానివి తీసేయండి. అక్కడ డౌన్‌లోడ్స్ పక్కన టిక్కు ఉందేమో చూసి మరీ నొక్కండి, లేకపోతే కావలసినవి కూడా పోతాయి. ఏడాదికోసారి వచ్చే పెద్ద అప్‌డేట్ అయితే సీలో 20 జీబీ ఖాళీ కనబడితేగానీ నేను మొదలుపెట్టను.

డౌన్‌లోడ్ సున్నా దగ్గరే కూర్చుంది

ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపే ఇళ్లలో ఇది మామూలు. డేటా అయిపోతోందని ఎవరో ఒకప్పుడు "మీటర్డ్ కనెక్షన్" ఆన్ చేసి ఉంటారు, తర్వాత మరిచిపోయి ఉంటారు. అది ఆన్‌లో ఉన్నంతకాలం విండోస్ చాలా అప్‌డేట్లను దించుకోదు. వైఫై సెట్టింగుల్లో మీ నెట్‌వర్క్ పేరు మీద నొక్కితే అది కనబడుతుంది, ఆపేయండి. పెద్ద అప్‌డేట్ నాలుగైదు జీబీ కూడా ఉండొచ్చు కాబట్టి, రోజువారీ డేటా ప్యాక్ మీద ఆశ పెట్టుకోకుండా కేబుల్ నెట్ ఉన్న చుట్టాలింటికి తీసుకెళ్లడం మేలు.

"కొన్ని సెట్టింగులను మీ సంస్థ నిర్వహిస్తోంది" అని ఇంట్లో కంప్యూటర్ చెబుతోంది

మీ ఇంట్లో సంస్థ ఎక్కడిది? విండోస్ వేసినవాళ్లు దొంగ యాక్టివేటర్ (లైసెన్సు కొనకుండానే ఉన్నట్టు నమ్మించే ప్రోగ్రామ్) వేసి, అది పట్టుబడకుండా అప్‌డేట్లనే కట్టేసి ఉంటారు. 80070422 కోడ్ వస్తే విండోస్ అప్‌డేట్ సర్వీసునే ఎవరో డిసేబుల్ చేశారని అర్థం. సర్వీసెస్‌లోకి వెళ్లి దాన్ని మళ్లీ మాన్యువల్‌కి మార్చవచ్చు. కానీ యాక్టివేటర్ ఉన్న మిషన్‌లో అది మర్నాటికి మళ్లీ ఆగిపోతుంది. దాంతో కుస్తీ పట్టి లాభం లేదు. డేటా కాపీ చేసుకుని అసలు విండోస్ వేయించుకోండి. చాలా ల్యాప్‌టాప్‌లకు కొన్నప్పుడే లైసెన్సు బోర్డులోనే ఉంటుంది. అదే ఎడిషన్ వేస్తే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది, డబ్బు కట్టక్కర్లేదు. ఇది తెలియక దొంగది వేయించుకున్నవాళ్లను ఎంతమందిని చూశానో!

ఫోన్‌లో నెట్ బాగుంది, కంప్యూటర్‌లో మాత్రం అప్‌డేట్ రాదు. ఒకోసారి వస్తుంది, మళ్లీ రాదు

ఇక్కడ కాస్త ఆగండి. నన్ను మూడుసార్లు తిప్పించి, చివరికి డబ్బు వెనక్కి ఇప్పించిన జబ్బు ఇదే.

2022 జూలై వరదలు గుర్తుండే ఉంటాయి. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ ఏడాది అదీ దాటి పోయింది. మామిడికుదురు అవతల ఒక లంక ఊళ్లో కొబ్బరి వ్యాపారం చేసే ఆయన ఉన్నారు. కంప్యూటర్ మేడ మీద గదిలో ఉండబట్టి తడవలేదు గానీ రోజుల తరబడి కరెంటు లేదు. నీళ్లు తీశాక ఆయన సీపీయూ పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. కొబ్బరికాయల దింపు లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేయబోతే ముందు విండోస్ అప్‌డేట్ చేయమంది, అదేమో అవ్వడం లేదు.

మా షాపులో పెట్టి చూస్తే ఏ గొడవా లేదు. అప్‌డేట్లన్నీ బుద్ధిగా దిగాయి. మీ నెట్‌లో ఏదో ఉందండీ అని పంపేశాను.

మూడు రోజులకే ఫోన్. మళ్లీ అదే. మళ్లీ తెచ్చారు. ఈసారి అనుమానం ఎందుకని విండోస్ మొత్తం తీసేసి కొత్తగా వేశాను. నాలుగు రోజులు షాపులోనే ఉంచుకుని చూశాను, బ్రహ్మాండంగా నడిచింది. డబ్బు తీసుకుని పంపాను. వారం తిరక్కుండా మళ్లీ ఫోన్, ఈసారి గొంతులో కాస్త వేడి కూడా ఉంది. ఇక లాభం లేదని బండి వేసుకుని నేనే వెళ్లాను.

ఆయన గోడ మీద స్విచ్ వేశారు. సీపీయూ బటన్ నొక్కారు. నల్ల తెర మీద తెల్ల అక్షరాల్లో ఏదో వచ్చింది. నేను చదివేలోపే వాళ్లబ్బాయి కీబోర్డు మీద ఎఫ్1 కొట్టేశాడు, అది పోయింది.

"అదేంటది?"

"ఆయ్, రోజూ వచ్చేదేనండి. ఎఫ్1 కొడితే పోద్ది."

ఆ తర్వాత ఆ అబ్బాయి ఫోన్ చూసి కంప్యూటర్ గడియారంలో గంటలు, నిమిషాలు సరిచేశాడు. అదీ రోజూ చేసే పనేనట. టాస్క్‌బార్‌ని చిన్న ఐకాన్లకు మార్చుకున్నారు కాబట్టి మూలన టైమ్ ఒక్కటే కనబడుతోంది, తేదీ కనబడదు. గడియారం మీద నొక్కాను. 2014 జనవరి 1.

సీమాస్ బ్యాటరీ అయిపోయింది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా వెండి రంగులో మెరుస్తూ ఉండేదే, సీఆర్2032 అంటారు. 3 వోల్టులు. కరెంటు లేనప్పుడు తేదీ, టైమ్ నడిపించడం దాని పని. అది చచ్చిపోతే కరెంటు తీసిన ప్రతిసారీ గడియారం బోర్డు తయారీదారు పెట్టిన ఏదో పాత తేదీకి వెళ్లిపోతుంది. ఒక బోర్డులో అది 2009 అవుతుంది, ఇంకోదాంట్లో 2018 అవుతుంది.

తేదీకీ అప్‌డేట్‌కీ సంబంధం ఏమిటంటారా? విండోస్ అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ సర్వర్‌తో మాట్లాడే ముందు దాని భద్రతా సర్టిఫికెట్ చూస్తుంది. ఆ సర్టిఫికెట్ మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందని ఉంటుంది. మీ కంప్యూటర్ 2014లో ఉంది, సర్టిఫికెట్ 2022లో పుట్టింది. ఇంకా పుట్టని సర్టిఫికెట్‌ని ఎలా నమ్ముతుంది? తలుపు వేసేస్తుంది. కోడ్ చాలాసార్లు 80072ఎఫ్8ఎఫ్ అని ఉంటుంది. ఇదే కారణంతో బ్రౌజర్‌లో కూడా చాలా సైట్లు తెరుచుకోవు, "మీ గడియారం వెనకబడి ఉంది" అని చెబుతుంది కూడా. కానీ ఆ ఇంట్లో నెట్ అంతా ఫోన్‌లోనే చూస్తారు, అది ఎవరి కంటా పడలేదు.

నెట్ ఉంటే టైమ్ దానంతట అదే సరైపోవాలి కదా అని మీరు అడగవచ్చు, నేనూ అలాగే అనుకునేవాణ్ని. ఇంటి కంప్యూటర్‌లో విండోస్ టైమ్ సర్వీస్ మామూలుగా 15 గంటల లోపు తేడానే సరిచేస్తుంది. అంతకు మించి తేడా ఉంటే, తప్పు తనదో అవతలి సర్వర్‌దో తెలియక ముట్టుకోదు. ఏళ్ల తేడా వస్తే దాని మీద ఆధారపడకండి.

మరి మా షాపులో ఎందుకు పట్టుబడలేదు? ఇది తెలిశాక నా తల నేనే కొట్టుకున్నాను. సీపీయూ ఆపేసినా, గోడ స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ పవర్ సప్లై నుంచి బోర్డుకి కొద్దిపాటి కరెంటు అందుతూనే ఉంటుంది. దాంతోనే గడియారం నడుస్తుంది, బ్యాటరీ అవసరమే పడదు. మా షాపులో స్విచ్‌లు రాత్రీ పగలూ ఆన్‌లోనే ఉంటాయి. వాళ్లింట్లో పడుకునే ముందు గోడ స్విచ్ కట్టేస్తారు, ఉరుములు మెరుపులు ఉంటే ప్లగ్గు కూడా లాగేస్తారు. ఆ అలవాటు మంచిదే, దాన్ని మార్చుకోమనడం లేదు. కానీ ప్రతి రాత్రీ చచ్చిన బ్యాటరీ మీదే భారం పడుతోంది. వరదల్లో అన్ని రోజులు కరెంటు లేకపోవడంతో కొన ఊపిరితో ఉన్నది కాస్తా పోయింది.

ఇంకొకటి. షాపుకొచ్చిన మొదటి రోజు ప్లగ్గు పెట్టగానే ఆ నల్ల తెర వచ్చిందా అని మా కుర్రాణ్ని అడిగాను. "వచ్చిందండి. బయోస్‌లో డేట్ మార్చేశాను" అన్నాడు. బయోస్ అంటే విండోస్ కన్నా ముందు లేచే, బోర్డు సొంత సెట్టింగుల తెర. నాకెందుకు చెప్పలేదంటే, అంత చిన్న విషయం కూడా చెప్పాలా అన్నట్టు చూశాడు. ఇప్పుడు మా షాపులో పద్ధతి వేరు. మిషన్ రాగానే ఎవరూ ఏ కీ నొక్కకుండా మొదటి తెర ఫోటో తీయాలి.

మీ ఇంట్లో పరీక్ష ఇలా చేసుకోండి. సాయంత్రం తేదీ, సంవత్సరం సరిగ్గా పెట్టండి. షట్‌డౌన్ చేసి గోడ స్విచ్ కట్టేసి, రాత్రంతా వదిలేయండి. పొద్దున్న నెట్ కేబుల్ పీకేసి ఆన్ చేయండి. ఏమైనా రాతలు వస్తే ఎఫ్1 కొట్టకుండా చదవండి. గడియారం మీద నొక్కి సంవత్సరం చూడండి. తప్పు చూపిస్తే దోషి దొరికినట్టే. మల్టీమీటర్ ఉంటే బ్యాటరీ తీసి కొలవండి. 2.7 వోల్టుల కన్నా తక్కువ ఉన్నదాన్ని నేను మళ్లీ పెట్టను.

మార్చడం పెద్ద పనేమీ కాదు. పవర్ కేబుల్ పూర్తిగా తీసేయండి, సీపీయూ పవర్ బటన్ ఒకసారి నొక్కి వదలండి, చేత్తో కేబినెట్ ఇనుమును ఒకసారి తాకండి. బ్యాటరీ పక్కన చిన్న క్లిప్పు ఉంటుంది, దాన్ని వెనక్కి నొక్కితే బిళ్ల పైకి లేస్తుంది. కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి. అంతర్వేది, నరసాపురం వైపు నుంచి వచ్చే మిషన్లలో ఆ క్లిప్పు మీద ఉప్పుగాలికి పచ్చటి పొర కట్టి ఉండటం చూశాను. అలా ఉంటే పొడి బ్రష్‌తో మెల్లగా గీకండి, లేదంటే కొత్త బ్యాటరీ పెట్టినా కరెంటు అందదు. కొత్తదంటే నిజంగా కొత్తదేనా అని కూడా చూసుకోండి. ఒకసారి గడియారాల కొట్లో ఏళ్ల తరబడి పడి ఉన్న బిళ్ల తెచ్చి పెట్టి, జబ్బు వేరేదేమో అనుకుని ఒక పూట పోగొట్టుకున్నాను. మంచి కంపెనీది కొన్నా వంద రూపాయల లోపే వస్తుంది. తీసిన పాత బిళ్లని ఎక్కడపడితే అక్కడ పడేయకండి. చిన్నపిల్లలు మింగితే గంటల్లోనే లోపల గొంతు కాలిపోతుంది, ప్రాణం మీదికి వస్తుంది.

తర్వాత ఆన్ చేసి, డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి బయోస్‌లోకి వెళ్లండి. తేదీ పెట్టండి. అక్కడే సాటా మోడ్ (బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి) ఇంతకుముందు ఏముందో అదే ఉందో లేదో చూడండి. కొన్ని బోర్డుల్లో బ్యాటరీ పోయినప్పుడు ఆ సెట్టింగు కూడా మారిపోతుంది, అప్పుడు విండోస్ అసలు లేవదు. అందుకే విప్పే ముందే ఆ పేజీని ఫోన్‌తో ఫోటో తీసుకోమంటాను. డిస్కు ఎన్‌క్రిప్షన్ (డేటాకి వేసే తాళం) ఉన్న కొత్త మిషన్ అయితే ఆ తాళం తీసే రికవరీ కీ అడగవచ్చు, అది చేతిలో పెట్టుకునే మొదలుపెట్టండి. విండోస్ వచ్చాక టైమ్ జోన్ 5:30 ఉన్నదే ఎంచుకుని, ఆటోమేటిక్ టైమ్ ఆన్ చేసి, ఒకసారి సింక్ నొక్కి, అప్పుడు అప్‌డేట్ దగ్గర రీట్రై కొట్టండి. ఆ కొబ్బరి వ్యాపారి ఇంట్లో పది నిమిషాల్లో కదిలింది.

ల్యాప్‌టాప్‌లలో ఈ బిళ్ల వైరుతో చుట్టి లోపలెక్కడో ఉంటుంది, కొన్నింటిలో అసలు ఉండదు, పెద్ద బ్యాటరీయే ఆ పని చేస్తుంది. పెద్ద బ్యాటరీ చచ్చిపోయి అడాప్టర్ మీదే నడిపేవాళ్లకు కూడా ఇదే తంతు. గల్ఫ్ నుంచి తెచ్చిన ల్యాప్‌టాప్‌లో టైమ్ జోన్ దుబాయ్‌దే ఉంచి గంటలు చేత్తో మార్చుకునేవాళ్లూ ఉన్నారు. ఆ తేడాకి అప్‌డేట్ ఆగదు గానీ, టైమ్ జోనే మార్చుకోండి, ఒక్క నిమిషం పని.

"మార్పులను వెనక్కి తీస్తోంది" అని తిరుగుతూనే ఉంది

మధ్యలో కరెంటు పోయి ఉంటుంది. వదిలేయండి. పాత హార్డ్ డిస్కు అయితే రెండు మూడు గంటలు కూడా పట్టొచ్చు. కంగారుపడి బటన్ పట్టుకుని ఆపేస్తే అప్పుడు నిజంగా పాడవుతుంది. మన ఇళ్లలో ఇన్వర్టర్ ఉంటుంది, కానీ కంప్యూటర్ ప్లగ్గుకి ఆ లైను ఇవ్వరు. ఫ్యాన్లకీ లైట్లకీ ఇస్తారు. ఎలక్ట్రీషియన్‌తో ఆ ఒక్క ప్లగ్గుని ఇన్వర్టర్ మీదికి మార్పించుకోండి. ఇన్వర్టర్ లేకపోతే చిన్న యూపీఎస్ అయినా చాలు, గాలివాన రోజున మాత్రం పెద్ద అప్‌డేట్ పెట్టకండి.

మిగిలినవి

ప్రతిసారీ అదే శాతం దగ్గర ఆగితే దించుకున్న ఫైలు పాడై ఉండొచ్చు. అప్పుడు మాత్రమే, యూట్యూబ్‌లో చెప్పే ఆ సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ (అప్‌డేట్ ఫైళ్లు దిగే చోటు) వైద్యం చేయండి. విండోస్ అప్‌డేట్ సర్వీసు ఆపి, ఫోల్డర్ పేరు మార్చి, సర్వీసు మళ్లీ నడపండి. బయటి యాంటీవైరస్ అడ్డుపడితే పూర్తిగా తీసేసి అప్‌డేట్ అయ్యాక మళ్లీ వేసుకోండి. రిజర్వ్‌డ్ పార్టిషన్ నిండటం, హోస్ట్స్ ఫైల్ మారడం, ర్యామ్ పోవడం, ఇవన్నీ ఉంటాయి గానీ ఏడాదికి ఒకటో రెండో చూస్తాను. వాటితో మొదలుపెట్టకండి.

షాపుకి తెచ్చేటప్పుడు ఎర్రర్ కోడ్ ఫోటో తెండి, "ఏదో ఇంగ్లీషులో వచ్చిందండి" అంటే నాకు ఏమీ తెలియదు. ఆన్ చేయగానే వచ్చే మొదటి తెర ఫోటో కూడా తెండి. ఎఫ్1 కొట్టకముందు తీసినది.